నీడన ఆరబెట్టిన మన్ను

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, గోడకి ఆనుకుంటే ఇంకా మంచిది. ఒక ఇంట్లో పిడికెడు మన్ను ఎంత పని చేసిందో చెబుతాను, వినండి.

ఆ ఇంటి కోడలు మట్టి పరీక్ష ఆఫీసులో పని చేసేది. రైతులు సంచుల్లో మన్ను తెస్తే, అందులో ఉప్పెంత, సారమెంత, ఏ పంట నిలుస్తుంది అని చూసి కాగితం రాసిచ్చేది. భర్త లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి, వారానికోసారి కనబడితే గొప్ప. ఇంట్లో ఉండేది అత్త, మామ, ఆమె.

ఆ రోజూ అన్ని రోజుల్లాగే తెల్లవారింది. కోడలు జడ వేసుకుంటోంది, అత్త పొయ్యి మీద పాలు పెట్టింది. పొలం నుంచి వచ్చిన మామ చెప్పులైనా విప్పకుండా వసారాలోకి వచ్చి, వేళ్లతో సహా పీకిన నిమ్మ మొక్కను కోడలి ముందు పడేశాడు. ఆకుల అంచులు సెగ తగిలినట్టు మాడిపోయి ఉన్నాయి.

“చూడు తల్లీ, నీ కాగితం కాసిన కాయలు!”

కోడలు మొక్కను చేతిలోకి తీసుకుంది. నాలుగు నెలల కిందట ఆ పొలం నిమ్మకు శ్రేష్ఠం అని రాసి సంతకం పెట్టింది తనే.

“ఎన్ని పోయాయి మామయ్యా?”

“ఉన్నవెన్నో అడుగు, తొందరగా చెప్పొచ్చు. కోడలి మాట విని తోట పెట్టి పుల్లలు ఏరుకుంటున్నాడని చుట్టుపక్కల వాళ్లు నవ్వుతున్నారు. ఇక నీ ఆఫీసుకి మన్ను పంపేది లేదని నా మొహం మీదే అన్నారు.”

ఆ చివరి మాట ఆమెకి ఎక్కడో లోపల దిగబడింది. ఎనిమిదేళ్లుగా జనం తను రాసిన ముక్క చూసి విత్తనం వేస్తున్నారు. ఆ నమ్మకమే పోతే ఇక ఆ కుర్చీలో కూర్చుని ఏం చెయ్యాలి?

“సంచిలో ఉన్న మన్ను గురించే రాశాను మామయ్యా. మీరు పది చోట్ల తవ్వే తెచ్చారు కదా?”

“అంటే, నా పొలం తవ్వడం నాకు చేతకాదంటావా?”

మామూలుగా అయితే అత్త గరిటె పట్టుకుని మధ్యలోకి దూరి ఇద్దరికీ చెరో నాలుగు చీవాట్లు పెట్టే మనిషి. ఆ రోజు వంటింటి గడప దాటలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా అలాగే నిలబడింది.

కోడలు ఏమీ తినకుండా పొలానికి పోయింది. ఎండలు ముదిరి, నేల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర తేలి ఉంది. గునపం దించితే లోపల ఇటుకలా గట్టి. చెంబెడు నీళ్లు పోస్తే ఇంకనే లేదు. ఏళ్ల తరబడి బోరులోని ఉప్పునీళ్లు తాగిన నేల! మతి ఉన్నవాళ్లెవరూ దీనికి నిమ్మ రాయరు. మరి తానెలా రాసింది?

అక్కణ్ణించి ఆఫీసుకి పరుగెత్తింది. పరీక్షలో మిగిలిన మన్ను అక్కడ ఏడాది పాటు సీసాలో దాస్తారు. తమ ఇంటి సీసా తీసి కాగితం మీద ఒంపింది. నల్లగా, మెత్తగా, మగ్గిన ఆకుల వాసన. అందులో సన్నటి తెల్ల ముక్కలు. వేలితో నొక్కితే పుటుక్కుమన్నాయి. గుడ్డు పెంకులు! పక్కనే వాడేసిన టీ పొడి. పొలంలోకి ఇవెక్కడివి? రోజూ ఇవన్నీ పడేది పెరట్లో, అత్త పెంచే చిక్కుడు పాదులో. పొలం మన్ను ఆరబెట్టి సంచి కట్టి ఇచ్చిందీ అత్తే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, మామ వింటుండగానే అంది.

“అత్తయ్యా, మీరు నాకిచ్చింది చిక్కుడు పాదు మన్ను.”

అత్త చేతిలో చేట జారి కిందపడింది. మామ మంచం మీంచి లేచాడు.

“నేనే మార్చానమ్మా,” అంది అత్త, గోడ పట్టుకుని. “మన్ను నీడన ఆరబెట్టమన్నావు కదా. ఈయన తెచ్చింది గుడ్డ మీద పరిచాను. ఆరేసరికి తెల్లగా ఉప్పు తేలింది. నా పై ప్రాణం పైనే పోయింది. ఈయనకి గుండెపోటు వచ్చి అప్పటికి ఆరు నెలలు. పొలం చెడిందని కాగితం మీద చూస్తే మనిషి దక్కుతాడా అనుకున్నా. తోటే పెట్టేస్తారని నాకేం తెలుసు!”

“మొక్కలు నాటిన రోజైనా చెప్పొచ్చుగా?”

“ఆ రోజు ఈయన నవ్వాడే. ఎన్నాళ్లకో నవ్వాడు. నాకు నోరు రాలేదు.”

ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకుంది కోడలు. మామ మాత్రం మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు.

“ఉప్పని నాకూ తెలుసే,” అన్నాడు.

అత్త గోడ వదిలి ఆయన దగ్గరికొచ్చింది.

“తవ్విన రోజే రవ్వంత నాలుక మీద వేసుకున్నా. నీకు చెబితే బెంగపెట్టుకుంటావని మింగి ఊరుకున్నా. తర్వాత ఈ పిల్ల కాగితం తెచ్చింది, శ్రేష్ఠం అని. అయితే నా నాలుకే ముసలిదైందనుకుని మురిసిపోయా.” కోడలి వైపు తిరిగాడు. “మేమిద్దరం ఒకరి దగ్గరొకరు దాచుకుని, చీవాట్లు మాత్రం నీకు పెట్టించాం కదమ్మా.” అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

“తప్పు నాదీ ఉంది మామయ్యా. ఇంటి పొలమే కదా అని కుర్చీలోంచి లేచి చూడ్డానికి వెళ్లలేదు,” అంది కోడలు, ఆయన పక్కనే కూర్చుని. “నేల ఎక్కడికీ పోలేదు. కాలవ తీసి వాననీళ్లతో ఉప్పు కడిగేద్దాం. ఉప్పు విరిచే జిప్సం వేద్దాం. పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ పెంచి అందులోనే దున్నేద్దాం. రెండేళ్లు పడుతుంది.”

“రెండేళ్లా! అందాకా నేనుండాలి కదే.”

“ఉండక ఎక్కడికి పోతారు, ఆ కాలవ ఎవరు తవ్వుతారు?” అంది అత్త, ముక్కు చీదుతూ.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్న ఆఫీసు ముందు ఎప్పుడూ ఉండే వరసలో సగం మందే ఉన్నారు. చివర మామ, చేతిలో సంచి. వెనకాల అత్త. బంట్రోతు గుర్తుపట్టి ముందుకి రమ్మంటే, “నా వంతొచ్చాకే వస్తా” అన్నాడు. వంతు రాగానే నలుగురికీ వినబడేలా గొంతెత్తాడు.

“అయ్యలారా, పోయినసారి మా ఇంటి నుంచి వచ్చింది పెరటి మన్ను. మార్చింది మా ఆవిడ. ఉప్పని తెలిసీ నోరు మెదపనివాణ్ణి నేను. ఈ అమ్మాయి రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పులేదు.”

అందరికంటే గట్టిగా నవ్విన పక్క పొలం ఆయన తమాషా చూడ్డానికి వచ్చినవాడల్లా ఇంటికి పోయి, తన సంచి కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కోడలు చీటీ మీద నంబరు వెయ్యబోతే కళ్లనిండా నీళ్లు, గీత కనబడితేగా!

విన్నారుగా తల్లులూ? గుర్తుంచుకోండి. వాళ్ల మంచికోసమే చెప్పలేదు అని ఎవరింట్లోనైనా వినబడితే, అక్కడ కూర్చుని ఈ సంగతి చెప్పండి. ఆ పెద్దాయన వరసలో నిలబడి తన వంతు కోసం చూసిన ముక్క మాత్రం వదిలిపెట్టకండేం.