బోర్లా ఉండాల్సిన కార్డు

రచయిత నోరు తెరుచుకునే చచ్చిపోయాడు.

తల బల్ల మీద ఓ పక్కకి వాలి ఉంది. పెదవి చివరినుంచి కారిన వాంతి కాగితాల మీద ఎండి అట్ట కట్టింది. గదినిండా పులిసిన వాసన. దాని కింద సిగరెట్ల వాసన. దానికీ కింద, ఏళ్ల తరబడి కిటికీ తియ్యని గదిలో పేరుకునే మనిషి వాసన.

ఇన్‌స్పెక్టర్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. శవాలు అతనికి కొత్త కాదు. అతను ఆగిపోయింది గోడని చూసి.

గోడనిండా ఫొటోలు. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. ఒకావిడ కొత్త పెళ్లికూతురి వయసులో ఏడుస్తోంది. నడివయసులో ఏడుస్తోంది. ఓ పిల్ల గౌనులో ఏడుస్తోంది. స్కూలు యూనిఫాంలో ఏడుస్తోంది.

"ఎవరు సార్ వీళ్లు?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"కింద చూశాంగా. పెళ్లాం, కూతురు."

"ఏడుస్తుంటే ఊరుకోబెట్టకుండా ఫొటోలు తీశాడా!"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వంగాడు.

సగం రాసిన పేజీ. వాక్యం మధ్యలో ఆగిపోయింది. మూత తీసిన పెన్ను. నిద్రమాత్రల సీసా, ఖాళీ. కాఫీ కప్పు, అదీ ఖాళీ. అడుగున నల్లటి మడ్డి. మడ్డి చుట్టూ చీమలు. మోచేతికి తగిలేటంత దగ్గర్లో పిలుపు గంట. దాని పక్కన టెలిఫోను.

శవం చేతి ముందు మూడు టారో కార్డులు. జోస్యం చెప్పేవాళ్లు వాడే బొమ్మల కార్డులు. మొదటిదాంట్లో నక్షత్రాల కింద కూర్చుని నీళ్లు ఒలకబోస్తున్న ఆడమనిషి. రెండోదాంట్లో మంచులో, వెలుగుతున్న కిటికీ బయట కుంటుకుంటూ పోతున్న ఇద్దరు బిచ్చగాళ్లు. మూడోదాంట్లో ఓ స్త్రీ రెండు చేతులతో సింహం నోరు మూస్తోంది. మొదటి రెండూ చచ్చినవాడి వైపు తిన్నగా ఉన్నాయి. మూడోది తలకిందులు.

"వీటిలో నా ప్రమోషన్ ఎక్కడుందో చూద్దురూ, సార్."

"ఉంది. తలకిందులుగా ఉంది. ఫొటో తీసి కవర్లో వెయ్. మూడోదాంట్లో ఏ బొమ్మ ఉందో బయట ఎవరికీ చెప్పకు."

ఫోన్ మోగింది. పై ఆఫీసరు.

"పేరున్న రచయితయ్యా. పేపరువాళ్లు గేటు దగ్గర గుమిగూడారు. సూసైడ్ అని మధ్యాహ్నానికల్లా తేల్చెయ్. ఇంట్లో ఆడవాళ్లని రచ్చకీడ్చకు."

"అలాగే సార్."

ఫోన్ పెట్టేసి కప్పులోకి చూశాడు. చీమలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

*

భార్య వంటగదిలో నిలబడే ఉంది. కూతురు ఆవిడ వెనక, స్టూలు మీద. తల్లి పక్కకి జరిగితే తప్ప ఆమె మొహం కనబడదు. తల్లి జరగడం లేదు.

"శవాన్ని మొదట చూసిందెవరు?"

"నేను. పొద్దున ఆరింటికి. తలుపు తోసి చూసి, గడపలోంచే కేక వేశాను."

"లోపలికి వెళ్లలేదా?"

"లేదు."

"మొగుడు పడిపోయి ఉంటే గడప దాటలేదా?"

"ఆ గడప దాటి ఎన్నేళ్లయిందో. కాఫీ అయినా బయట స్టూలు మీదే పెట్టి వస్తాను."

"ఎందుకని?"

"లోపలికెళ్తే నన్ను రాస్తారు" అందావిడ.

ఇన్‌స్పెక్టర్ మేడ మెట్ల వైపు ఓసారి చూశాడు.

"నిన్న సాయంత్రం కాఫీ ఎవరిచ్చారు?"

"నేనే. ఆయనకి షుగరు. చక్కెర వెయ్యకుండా ఇచ్చాను."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. ఆవిడ వెనకున్న కూతురి వైపు చూస్తూ అడిగాడు. "నువ్వెప్పుడొచ్చావమ్మా పుట్టింటికి?"

"పోయిన వారం వచ్చింది" తల్లే అంది. "ఊరికే, చూసిపోదామని."

"అమ్మాయిని అడిగాను."

"దాన్ని వదిలెయ్యండి బాబూ. ఏం కావాలన్నా నన్నడగండి. అది దేంట్లోనూ లేదు."

స్టూలు మీద కూతురి చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అవి మాత్రం ఇన్‌స్పెక్టర్‌కి కనబడ్డాయి.

*

శిష్యుడు వరండాలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. ముప్పయ్యేళ్లుంటాయి. గురువుగారి చేతిరాతని టైపు చెయ్యడం అతని పని.

"నిన్న మధ్యాహ్నం నిన్ను గెంటేశాడటగా? వీధి వీధంతా విన్నదట."

"నెలకోసారి గెంటేస్తారు సార్. మర్నాడు మామూలే."

"ఎందుకు గెంటేస్తాడు?"

"చూడ్డానికి."

"ఏం చూడ్డానికి?"

శిష్యుడు గర్వంగా సర్దుకుని కూర్చున్నాడు. "మీకు గురువుగారి పద్ధతి తెలియదు. ప్రతి పాత్రకీ మూడు కార్డులు తీస్తారు. మొదటిది ఆ మనిషి కోరిక. రెండోది భయం. మూడోది, ఆ భయం నిజమైనప్పుడు ఆ మనిషి చేసే పని. మూడోది మాత్రం బోర్లా పెడతారు. చాప్టర్ పూర్తయ్యేదాకా తిప్పరు. ముందే తెలిస్తే పాత్ర చచ్చుబడిపోతుందంటారు."

"మరి చాప్టర్ రాసేదెలా?"

"భయాన్ని నిజం చేసి చూస్తారు."

"ఎవరి మీద?"

"ఎవరో ఒకరి మీద" అన్నాడు శిష్యుడు. గొంతు కొంచెం తగ్గింది. "ఓ నవలకి భయం కార్డు వైధవ్యం అని పడింది. తనకి యాక్సిడెంటయిందని అమ్మగారికి కబురు పంపించి, తలుపు చాటునుంచి చూశారు. పాప చిన్నప్పుడు, తప్పిపోయిన పిల్ల పాత్ర వచ్చింది. బజార్లో చెయ్యి వదిలేసి, ఎదురు మేడ మీదినుంచి ఫొటోలు తీశారు. ఆ చాప్టర్ చదివి ఏడవనివాడు లేడు సార్!"

"నువ్వూ ఏడ్చావా?"

"ఏడ్చాను."

"ఇదంతా తెలిసే?"

శిష్యుడు నేల చూపులు చూశాడు. ఇన్‌స్పెక్టర్‌కి గుర్తొచ్చింది. ఆ చాప్టర్ తనూ చదివాడు. తన కళ్లూ చెమర్చాయి. నాలిక మీద ఏదో జిడ్డు పూసినట్టయింది.

"బల్లకి ఎదురుగా ఓ కుర్చీ ఉంది. నీదేనా?"

"అమ్మో! నా టైపు బల్ల ఎడమ పక్కన. ఎదురు కుర్చీ పాత్రలది సార్. ఏ పాత్ర రాస్తుంటే దానికి మూలమైన మనిషిని పిలిచి అక్కడ కూర్చోబెడతారు. వేరేవాళ్లు కూర్చుంటే ఊరుకోరు."

"మూడో కార్డు తలకిందులుగా పడితే?"

"అర్థం తిరగబడుతుంది. ఉన్న గుణం లేనట్టు."

కంచే చేను మేసిన ఇల్లు, అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. మేసి, నెమరేసి, వారం వారం అచ్చు వేసుకుంది.

మేడ మీద టెలిఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్ పైకెళ్లి తీశాడు. వారపత్రిక ఎడిటరు.

"పోయారా? అయ్యయ్యో! ఎంత నష్టం! ఎంత నష్టం!" అవతల చిన్న విరామం. "చాప్టర్ పూర్తయిందాండీ? కాకపోయినా పర్లేదు. సగంలో ఆగిందని వేస్తే ఇంకా..."

ఇన్‌స్పెక్టర్ ఫోను పెట్టేశాడు. మళ్లీ తీశాడు. అల్లుడి నంబరు తిప్పాడు.

"మీ ఆవిడ పుట్టింటికి ఎందుకొచ్చింది?"

"నేనే పొమ్మన్నాను" అంది అవతలి గొంతు, మొండిగా. "ఎవడో ఫోన్ చేసి చెప్పాడు, దానికి ఇంకొకడితో... సరే, వదిలెయ్యండి. నా గుమ్మం తొక్కొద్దన్నాను."

"ఏ నంబరునుంచి?"

"మా ఫోన్లో కనబడితే రాసుకున్నాను. ఎవరెత్తుతారో చూద్దామనుకున్నాను గానీ మనసు రాలేదు."

అల్లుడు నంబరు చదివాడు. ఇన్‌స్పెక్టర్ తన చేతిలోని టెలిఫోను మీద అంటించిన చీటీ చూశాడు. అదే నంబరు. మేడ గదికి విడిగా పెట్టించుకున్న లైను.

రిసీవరు చెవి దగ్గర జిడ్డుగా ఉంది. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. పోలేదు.

బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కవర్లోంచి మూడో కార్డు తీసి, మొదట ఎలా ఉందో అలా బల్ల మీద పెట్టాడు.

లేచేముందు దాన్ని మళ్లీ కవర్లో వేశాడు.

*

శవాన్ని తీసుకెళ్లాక ముగ్గురినీ పైకి పిలిపించాడు. శిష్యుడు అలవాటుగా ఎడమ పక్కకి వెళ్లాడు. భార్య గడప దగ్గర ఆగింది. కూతురు ఆవిడ పక్కన ఆగింది.

"ఇది సూసైడ్ కాదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బల్ల మీది కప్పు చూపించాడు.

"కప్పుకి చీమలు పట్టాయి. ఈ ఇంట్లో ఆయనకి చక్కెర లేని కాఫీయే ఇస్తారు. చావాలనుకున్నవాడు మాత్రలు నీళ్లతో మింగుతాడు. చక్కెర పోసి చేదు దాచేది ఇంకొకరి కోసం."

"ఎవరైనా కలిపి ఉండొచ్చు కదా సార్" అన్నాడు శిష్యుడు.

"ఉండొచ్చు. నువ్వైనా. ఇప్పుడు కార్డు సంగతి. చాప్టర్ సగంలో ఉంది. మూడో కార్డు బోర్లా ఉండాలి. వెల్లకిలా ఉంది. తలకిందుల కార్డు, అర్థం తిరగబడుతుంది అన్నావు. అది తలకిందులు కాదోయ్. ఈ పక్కనుంచి చూశాం కాబట్టి అలా కనబడింది. ఆ కుర్చీలోంచి చూస్తే తిన్నగా ఉంది."

శిష్యుడు కుర్చీ వంక చూశాడు. దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

"ఆ కార్డు ఆ కుర్చీలో ఉన్నవాళ్లకి చూపించాడు. గంట పక్కనే ఉంది. ఫోను పక్కనే ఉంది. మత్తు కమ్ముకొస్తోంది. ఎవరినీ పిలవలేదు. ఎందుకు? ఎదురుగా చాప్టర్ పూర్తవుతోంది. బతకడం కన్నా అదే ముఖ్యమైంది ఆయనకి. నీకైతే పక్కకి తిప్పి చూపించాలి. కాబట్టి నువ్వు కాదు. రెండో కార్డులో ఇంటి బయట మంచులో పడ్డవాళ్లున్నారు. పోయిన వారం ఈ ఫోన్లోంచి ఒకరికి ఓ గుమ్మం మూయించాడు."

కూతురు తలెత్తింది.

తల్లి గడప దాటింది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గదిలోకి అడుగు పెట్టి, నేరుగా బల్ల దాకా వచ్చింది. "నేనే కలిపాను" అంది. "ఫోన్ సంగతి నాకు తెలిసింది. మాత్రలు నేనే వేశాను. చక్కెర నేనే పోశాను."

"అమ్మా..."

"నువ్వు నోరు ముయ్యి."

"ఆ కుర్చీలో కూర్చున్నది మీరేనా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"నేనే."

"ఆయన చూపించిన కార్డులో ఏముంది?"

ఆవిడ కళ్లు గోడ మీది ఫొటోల వైపు, బల్ల వైపు, మళ్లీ గోడ వైపు పరిగెత్తాయి.

"అస్థిపంజరం" అంది. "చావు కార్డు."

హెడ్ కానిస్టేబుల్ నోరు తెరవబోయాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లతోనే ఆపాడు.

ఆవిడ అబద్ధం చెబుతోందని తెలుసు. ఆవిడ ఎవరికోసం చెబుతోందో తెలుసు. అయినా నిదానంగా తల పంకించాడు.

"సరే. రాసుకో హెడ్డూ. కార్డు కూడా సరిపోయింది. ఉరిశిక్ష పడకపోవచ్చు గానీ, బయటికి రావడం మాత్రం ఈ వయసులో కష్టం. జీపెక్కించు."

అని, తల్లి వైపు చూడలేదు. కూతురి మొహం వైపే చూస్తూ ఉన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ చెయ్యి తల్లి మోచేతికి తగిలింది.

"సింహం" అంది కూతురు.

తల్లి చటుక్కున వెనక్కి వెళ్లి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కూతురు ఆ చేతిని మెల్లగా తీసి, తన చేతిలో పట్టుకుంది.

"ఓ ఆడమనిషి సింహం నోరు మూస్తూ ఉంటుంది. నిన్న పొద్దున పిలిచారు. కూర్చోమన్నారు. మా ఆయనకి ఫోన్ చేసింది తనేనన్నారు. అని, పెన్ను మూత తీశారు. నేను లేచి కిందికెళ్లాను. సాయంత్రం ఆయన నిద్రమాత్రలన్నీ కలిపి కాఫీ నేనే తెచ్చాను. నన్ను మళ్లీ ఎదురుగా కూర్చోబెట్టి, తాగుతూ చక్కెర ఎక్కువైందన్నారు. సగం రాశాక పెన్ను జారిపోయింది. ఖాళీ సీసా వైపు చూశారు, నా వైపు చూశారు. అప్పుడాయనకి అర్థమైంది. గంట కొడతారనుకున్నాను. నిజంగా కొడితే డాక్టర్ని పిలిచేదాన్నేమో కూడా. కొట్టలేదు. కార్డు తిప్పి నా ముందు పెట్టారు. 'కార్డు చెప్పేది సహనమట' అని నవ్వారు. 'కార్డుకేం తెలుసు. నువ్వు చేసిందే బాగుంది. చాలా బాగుంది' అన్నారు."

ఆమె గోడ మీది స్కూలు యూనిఫాం ఫొటో వైపు చూసింది.

"మెచ్చుకున్నారండీ. పుట్టాక నన్నెప్పుడూ మెచ్చుకోలేదు. దాంతో ఆ చేసింది కూడా నాది కాకుండా పోయింది."

శిష్యుడు ముందుకి వంగాడు. అతని చెయ్యి తెలియకుండానే పెన్ను కోసం జేబు తడుముతోంది. ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకి ఆ చెయ్యి ఆగిపోయింది.

తల్లి కూలబడిపోయింది. "బంగారంలా అబద్ధం చెప్పాను కదే. ఒక్కసారి, ఒక్కసారి నోరు మూసుకోలేకపోయావా?"

"నిన్ను తీసుకెళ్తున్నారమ్మా."

"తీసుకెళ్లనీ!"

కూతురు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. కోపం లేదు. ఎరిగినవాళ్లని చూసినట్టు చూసింది.

"అమ్మ చెప్పింది తప్పని మీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"అయినా జీపెక్కించమన్నారు. నేనేం చేస్తానో చూడాలని."

అతను చేతిలోని కవరు వైపు చూశాడు.

"నా భయం ఏమిటో కనిపెట్టడానికి మా నాన్నకి కూడా కార్డులు కావలసి వచ్చాయి. మీకు అవీ అక్కర్లేకపోయింది" అంది.

హెడ్ కానిస్టేబుల్ దగ్గాడు. తల్లి ఏడుపు మొదలైంది. గుక్క పట్టి, చిన్నపిల్లలా. ఇన్‌స్పెక్టర్ అటు చూడదలచుకోలేదు. చూశాడు. ఏడ్చేటప్పుడు ఆవిడ కింది పెదవి ఎడమ పక్కకి లాగుతుందని గమనించాడు. గమనించినట్టు తనకే తెలిసింది.

కేసు తేలింది. పై ఆఫీసరుకి ఫోన్ చెయ్యాలి. అతను కదల్లేదు. ఇందాక ఆ పిల్ల నోరు విప్పిన క్షణంలో లోపల ఎక్కడో, ఎవరో నెమ్మదిగా 'భేష్' అన్నారు. ఆ గొంతు ఎవరిదా అని వెతుక్కుంటూ నిలబడిపోయాడు. ఇరవయ్యేళ్లుగా ప్రతి కేసులోనూ అది అలాగే అంటూ వచ్చిందని, తను దాన్ని తెలివితేటలనుకుంటూ వచ్చాడని అప్పుడు తెలిసింది.