సేవకిచ్చిన కొడుకు

ఛత్రినాకలోని ఆ ఇంట్లో తెల్లవారగానే కుటుంబ ప్రార్థన, ఆ వెంటనే చాయ్. ఆ రోజు మాత్రం చాయ్ ఎవరూ ముట్టలేదు. సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగం మానేసి, ఆదిలాబాద్ అడవుల వైపు మిషన్ వాళ్లు నడిపే కుష్ఠురోగుల ఆసుపత్రికి పోతానని ప్రీతి అప్పుడే చెప్పింది.

"పిచ్చి లేసిందా ఏందే?" చంద్రమ్మ కూతురి మీదికి లేచింది. "సర్కారు నౌకరీ ఎవలన్న ఇడిసిపెడ్తరా?"

"ప్రభువు పిలుస్తుండమ్మా. మస్తు రోజుల సంది ప్రార్థన చేసిన."

"నిన్నెందుకు పిలుస్తడు? మేం సేవకిచ్చింది జోయెల్‌ను!"

ఈ సంగతి తెలియని విశ్వాసి వాళ్ల చర్చిలో లేడు. పిల్లల్లేక కుమిలిపోయిన రోజుల్లో, మగబిడ్డ పుడితే నీ సేవకే ఇస్తానని చంద్రమ్మ దేవునికి మొక్కుబడి చేసుకుంది. జోయెల్ పుట్టాడు. ఏటా ఆ సాక్ష్యం చెప్పి అందరినీ ఏడిపించేది. ఆ దేవుని సొత్తు ఇప్పుడు మొఘల్‌పురాలో మొబైల్ దుకాణం నడుపుతూ, ఆదివారం ఆరాధనకు ఆఖరి పాటకు వస్తాడు. అయినా తల్లి అతణ్ని పల్లెత్తు మాట అననివ్వదు. ఇల్లు నడిచేది మాత్రం ప్రీతి జీతంతోనే.

"నువ్వు పోతే ఇల్లెట్ల నడుస్తది బిడ్డా?" తండ్రి బాబురావు నసిగాడు.

"అన్న లేడా బాపూ?"

జోయెల్ ఫోన్‌లోంచి తలెత్తాడు. "నా ఫికర్లు నాకున్నయ్. అయినా దేవునికిచ్చినోన్ని ఇంటి ఖర్చులడుగుతరా?"

ప్రీతికి ఒళ్లు మండిపోయింది.

"సిగ్గనిపిస్తలేదా అన్నా? సేవకు పొమ్మంటే దుకాణమంటవ్, ఇంటికియ్యమంటే దేవుని బిడ్డనంటవ్! అమ్మా, వీన్ని దేవునికిచ్చిన్రు. మరి నన్నెవరికిచ్చిన్రు? నౌకరీ పోతే పోనీ, నేనైతే పోత. గని నువ్వు ప్రార్థన చేసి పంపకుంటే నా పానం ఒప్పది."

చంద్రమ్మ కొడుకు వైపు చూసింది. అతడు అప్పటికే మళ్లీ ఫోన్‌లో మునిగిపోయాడు. ఇన్నేళ్లూ ఇచ్చానని చెప్పుకున్నదే తప్ప తాను నిజంగా ఏదీ ఇవ్వలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"వాన్ని ఏడ్సి ఏడ్సి అడుక్కున్న," అంది. "నువ్వు అడగకుండనే పుట్టినవ్. అందుకే దేవుని ముంగట నీ పేరే ఎత్తలే బిడ్డా."

కొంగు నెత్తిన కప్పుకుని, కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె తల మీద చేయి పెట్టింది.

"ప్రభువా, ఇయ్యాల్టి దాంక నీకు నేనేమియ్యలే. ఇగో, ఇది నా బిడ్డ. నాకు మనసొప్పుతలేదు. అయినా ఇస్తున్న."