ఆరు వారాల స్పానిష్

మంగళవారం పొద్దున ఎనిమిదీ పదికి ముత్తుకూరు రోడ్డు మీద ఒక టిప్పర్ అశోక్ బైకును గుద్దింది. అంతటితో పోలేదు. రివర్స్ గేరు వేసి, రెండోసారి ఎక్కించి, అప్పుడు పోయింది.

పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. కృష్ణపట్నం దగ్గర, బయట 'వాతావరణ పరిశీలన కేంద్రం' అని బోర్డు తగిలించిన మేడలో మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు. అది ఇంటెలిజెన్స్ వాళ్ళ కోస్టల్ డెస్క్. అశోక్ అక్కడి ఫీల్డ్ ఏజెంట్.

"కూర్చో రెజీనా," అన్నాడు చీఫ్ పరంజ్యోతి.

రెజీనా కూర్చోలేదు. ఆమెకు నలభై ఒకటి. పదిహేనేళ్ళుగా హెడ్‌ఫోన్స్ తగిలించుకుని సముద్రం మీది వైర్‌లెస్ మాటలు వినడమే ఆమె పని. అశోక్ కుర్చీ ఆమె పక్కనే. నిన్న మధ్యాహ్నం ఆమె క్యారియర్‌లో చేపల పులుసు సగం అతనే తిన్నాడు.

"అశోక్ చివరి రిపోర్ట్. నాలుగే ముక్కలు," పరంజ్యోతి చదివాడు. "విదేశీ ముఠా. టార్గెట్ శ్రీహరికోట లాంచ్. చేపల బోటులో పెట్టె. ఆర్డర్లన్నీ ఆన్‌లైన్ స్పానిష్ క్లాసులో నడుస్తున్నాయి."

"స్పానిషా?"

"ఏదో విదేశీ యూనివర్సిటీ కోర్సు. బిగినర్స్. ఆరు వారాలు. అడ్మిషన్లు ఇవాళ్టితో సరి. నిన్ను చేర్పించేశాను."

"ఢిల్లీలో స్పానిష్ వచ్చినవాళ్ళు లేరా సార్?"

"ఉన్నారు. వచ్చినవాడు రానట్టు నటిస్తే ఒక్క పూటలో దొరికిపోతాడు. నిజంగా రాని మనిషి కావాలి."

"పెట్టెలో ఏముంటుంది?"

"జామర్ అని ఢిల్లీ సమాచారం. లాంచ్‌కి ఒక్క నిమిషం ముందు టైమర్ మీద ఆన్ అవుతుంది. రాకెట్‌కీ గ్రౌండ్‌కీ మాట తెగిపోతే ఆ రాకెట్‌ని గాల్లోనే మనమే పేల్చుకోవాలి. ఆధారం మిగలకుండా అదే పెట్టెలో బాంబు, జామర్ పని ముగిసినా చెడినా పేలేలా. బోటులో జాలర్లుంటారు. వాళ్ళకేమీ తెలీదు."

"లాంచ్ వాయిదా వేస్తే?"

"వేస్తే ఇంకో రోజు. ఇంకో బోటు. అప్పుడు మనకు ఈ క్లాసు కూడా ఉండదు." పరంజ్యోతి ఫైలు మూశాడు. "లాంచ్ ఆరు వారాల తర్వాత, పొద్దున తొమ్మిదీ యాభైకి. నీ పరీక్ష రోజునే."

మర్నాటి నుంచి రెజీనా, ఉష అయింది. ట్రావెల్ ఏజెన్సీలో ఉద్యోగం, దొడ్డ ఫ్రేము కళ్ళజోడు. బుద్ధెరిగాక మొదటిసారి నుదుట బొట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఎదురింటావిడెవరో వచ్చినట్టనిపించింది.

వేషం కుదిరింది. భాషే కుదరలేదు. ఆ భాషలో బల్ల ఆడదట. పుస్తకం మగదట. చెయ్యి, పేరు చూస్తే మగదానిలా ఉండి, తీరా చూస్తే ఆడదట. ఆడదానికి ముందు 'లా', మగదానికి ముందు 'ఎల్'. తెలుగులో మనిషికే గానీ మంచానికి ఆడామగా ఎక్కడివి? రెజీనా కూరగాయలు తరుగుతూ, ఆఫీసు బస్సులో కిటికీకి తల ఆనించుకుని, చర్చిలో పాటకీ పాటకీ మధ్య కూడా లా, ఎల్, లా, ఎల్ అని నోట్లోనే గొణుక్కుంది. మొదటి పరీక్షలో ఇరవైకి ఐదొచ్చాయి. రెండోదాంట్లో నాలుగు.

"ఇట్నయితే ఎట్టా?" అన్నాడు పరంజ్యోతి. పెద్దాఫీసరు మాట పోయి నెల్లూరు మాట వచ్చిందంటే ఆయన భయపడుతున్నాడని లెక్క.

మూడోవారం స్నేహితుల గురించి నాలుగు వాక్యాలు రాయమన్నారు. 'అశోక్ నా స్నేహితుడు' అని రాసింది. 'ఉండేవాడు' అని రాయాలనుకుంది. బిగినర్స్ కోర్సులో భూతకాలం లేదు. చాలాసేపు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చుని, అలాగే టీచరుకు పంపించేసింది.

ఆరోవారం దారి దొరికింది. తోమాస్ అని ఒక విద్యార్థి. ఏదో చలిదేశం నుంచి అని చెప్పుకునేవాడు. వెనకాల ఎప్పుడూ మసక తెర. అందరిలాగే తప్పులు మాట్లాడతాడు. ఢిల్లీ నిపుణులు అతని రికార్డింగులన్నీ విని, చిన్నపిల్లల పాఠాలు, వీటిలో ఏమీ లేదన్నారు.

కానీ రెజీనాకు తప్పులంటే ఏమిటో తెలుసు. రోజూ చేస్తోంది. తెలియక చేసే తప్పు ఒకసారి చేసినవాడు మళ్ళీ మళ్ళీ అదే చేస్తాడు. తోమాస్ సోమవారం కాఫీని ఆడదన్నాడు, మంగళవారం మగదన్నాడు, గురువారం మళ్ళీ ఆడదన్నాడు. రెజీనా గురువారం పాఠాన్ని పదిసార్లు విని, 'లా', 'ఎల్' తప్పుగా పడ్డ మాటల్నే ఏరి కాగితం మీద రాసింది. సముద్రం. బోటు. పెట్టె. శనివారం.

ఆ శనివారమే లాంచ్.

"సార్, తప్పులే కోడు!"

పరంజ్యోతి కాగితం లాక్కున్నాడు. "బోటు పేరు?"

"లేదు సార్. కానీ ప్రతి పాఠం కిందా ఒకరు జవాబు పెడుతున్నారు. మన నెల్లూరు మనిషే."

ఆ మనిషి ఫేబీ. నెల్లూరులో కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు నడుపుతోంది. ఎర్ర కారు, నల్లద్దాలు, ఆమె నడిచొస్తుంటే పోర్టు గేటు దగ్గర సెంట్రీలు కూడా సర్దుకుని నిలబడేవారు. క్లాసులో ఇద్దరిద్దరిని జతచేసినప్పుడు ఊరు ఒకటేనని ఆమెనూ ఉషనూ కలిపారు.

శుక్రవారం మధ్యాహ్నం నెల్లూరులో ఒక కాఫీ షాపు. ఫేబీ నవ్వుతూ కప్పు ఎత్తుతోంది. రెజీనా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నా పేరు ఉష కాదు. అశోక్ పక్క కుర్చీ నాది."

కప్పు ఆగింది.

"అతనికీ, వాళ్ళకీ మధ్య నేనుండేదాన్ని," అంది ఫేబీ. "అతనికి వాళ్ళ సంగతి కొంచెం చెప్పేదాన్ని. వాళ్ళకి అతని సంగతి కొంచెం. రెండువైపులా మంచిగా ఉండొచ్చనుకున్నాను. బెదిరిస్తామన్నారక్కా. చంపుతామనలేదు."

"రేపు బోటులో ఉన్నవాళ్ళని కూడా బెదిరిస్తామనే చెప్పినారా?"

"బోటులో ఏముంది? జామరేగా?"

"జామర్. దాని కింద బాంబు."

ఫేబీ కప్పును సాసరులో కాక బల్ల మీద పెట్టేసింది. ఆ సంగతి ఆమెకు తెలియదని రెజీనాకు అర్థమైంది.

"ఏ బోటు?"

"తెలీదు. తోమాస్ పొద్దున చెప్తాడు. పోర్టు కాగితాలు నేను సర్దాలిగా. ఫోన్లన్నీ వింటాడు."

"తొమ్మిదింటికి పరీక్ష. మనిద్దరం జత. అందులో చెప్పు."

"అతనూ అదే క్లాసులో వింటుంటాడు. మా కోడు వాడితే ఆ క్షణమే తెలిసిపోతుంది. తెలుగు ముక్క వినిపిస్తే నా ప్రాణం పోతుంది."

"అతనికి అర్థం కాకుండా, నాకు అర్థమయ్యేలా చెప్పు."

ఫేబీ పిచ్చిదానిలా నవ్వింది. "ఆరు వారాల స్పానిష్‌లోనా?"

శనివారం. తొమ్మిదీ ఇరవై. కృష్ణపట్నం మేడలో రెజీనా ఎడమ చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్. అందులో పరీక్ష. కుడి చెవికి హెడ్‌ఫోన్. అందులో సముద్రం. మూడొందల బోట్లు నీళ్ళ మీద ఉన్నాయి. కోస్ట్ గార్డ్ ఒక్కోదాన్నీ ఆపి చూస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. నెల్లూరులో ఫేబీ ఆఫీసు కింద కోస్టల్ డెస్క్ ఫీల్డ్ ఆఫీసరు మాల్యాద్రి నలుగురు మనుషులతో కారులో కూర్చున్నాడు. బోటు పేరు తెలిసేదాకా పైకి వెళ్ళొద్దని ఆర్డరు.

తొమ్మిదీ ముప్ఫై నాలుగుకు ప్రొఫెసర్ ఇనెస్ వాళ్ళ వంతు పిలిచింది. తెల్లజుట్టు, ఓపికైన ముఖం. "మీ ఇంటి గురించి ఒకరినొకరు అడగండి," అంది స్పానిష్‌లో. స్క్రీన్ మీద ఆరు ముఖాలు. ఒక మూల తోమాస్, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని.

"నీ ఇల్లు ఎలా ఉంటుంది?" రెజీనా అడిగింది.

"నా ఇల్లు పెద్దది. తెల్లనిది." ఫేబీ లిప్‌స్టిక్ నీటుగా వేసుకుంది. కళ్ళ కింద మాత్రం నిద్రలేని గుంటలు. "ఇంట్లో నా సోదరుడున్నాడు."

రెజీనా చెయ్యి ఆగింది. ఫైలు ప్రకారం ఫేబీకి తోడబుట్టినవాళ్ళు లేరు.

"సోదరుడు ఎక్కడున్నాడు?"

"మి ఎర్మానో ఎస్తా దెత్రాస్ దే లా పుఎర్తా."

నా సోదరుడు తలుపు వెనక ఉన్నాడు. తోమాస్ ఏ చలిదేశంలోనూ లేడు. నెల్లూరులో, ఆమె ఆఫీసులోనే, పక్క గదిలో ఉన్నాడు. రెజీనా కెమెరాకు కనపడకుండా కాగితం మీద రాసి జరిపింది. పరంజ్యోతి వైర్‌లెస్ అందుకున్నాడు. కానీ ఆర్డరివ్వలేదు. బోటు పేరు ఇంకా రాలేదు.

"నీ... వంటింట్లో ఏముంది?" అడగడానికి ఇంకేమీ తోచక అడిగింది రెజీనా.

"ఎన్ లా కొసీనా ఆయ్ ఊనా కామా."

వంటింట్లో మంచం ఉంది. ప్రొఫెసర్ ఇనెస్ నవ్వింది. "మంచమా? వంటింట్లోనా?"

"సీ," అంటూ తలూపింది ఫేబీ. ఆమె కళ్ళు రెజీనాను వదల్లేదు. "లా కామా దే మి మమా. కామా. మమా." ఒక్కో మాటా ఒత్తి పలికింది.

మా అమ్మ మంచం. అయితే ఏంటి? మంచానికీ బోటుకీ ఏమిటి? తొమ్మిదీ నలభై. అర్థం వెతకడం మానేసింది. పదిహేనేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. ఉత్త చప్పుడు వింది.

కామ. మమ.

కామమ్మ!

వైర్‌లెస్‌లో రోజూ వినే మాలకొండయ్య బోటు పేరది. సరిగ్గా అప్పుడే తోమాస్ గడ్డం కింది చెయ్యి తీసేశాడు. అతనికీ వినిపించింది. అతని స్క్రీన్ నల్లబడింది.

"మాల్యాద్రీ, పో!" పరంజ్యోతి అరిచాడు.

రెజీనా ఇయర్‌పీస్ పీకేసి మైకు లాక్కుంది. ఆ మైకును ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. కోస్టల్ డెస్క్ వింటుంది, మాట్లాడదు. అది రూలు. పరంజ్యోతి ఆమె వైపు చూసి తలూపాడు.

"కామమ్మ, కామమ్మ, కామమ్మ. ఎవరన్నా ఉండారా?"

గరగర. ఎవరో వల తెగిందని తిడుతున్నారు.

"కామమ్మ! మాలకొండయ్యన్నా, పలుకన్నా!"

తొమ్మిదీ నలభై మూడు. నలభై నాలుగు. గొంతు బొంగురుపోయింది. నలభై ఐదు.

"కామమ్మే. ఎవురది? వల లాగతా ఉండాం."

"అన్నా, నీ బోటులో ఎవరైనా పెట్టె పెట్టినారా?"

"పెట్టినారు. చేపలు యాడుండేదీ చూపించే మిషనంట. సీలు తీయొద్దన్నారు. నీకెట్టా తెలుసు?"

"అందులో బాంబుండాది. ఎత్తి నీళ్ళల్లో వెయ్యి."

నవ్వు వినిపించింది. "ఎవురమ్మా నువ్వు, పొద్దన్నే పరాచికాలు? అది పోతే నన్ను కదా అడుగుతారు."

తొమ్మిదీ నలభై ఆరు. పోలీసులమంటే నమ్మడు. సర్కారంటే అసలు నమ్మడు. రెజీనా కళ్ళు మూసుకుంది.

"నా పేరు రెజీనా. మాది ముత్తుకూరు. పదిహేనేళ్ళుగా మీ మాటలు వింటా ఉండాన్నా. నా పనదే. మీ అమ్మ పోయిన రోజు నువ్వు ఈ ఛానల్లోనే మీ తమ్ముణ్ణి పిలిచి ఏడ్చినావు. గాలి ఎదురుగా ఉండాది, ఒడ్డుకు చేరలేకపోతుండా, అమ్మ ముఖమన్నా చూస్తానో లేదో అన్నావు. నేను విన్నాను. ఏం చెయ్యలేకపోయినాను. ఈ ఒక్కసారి నా మాట విను. మూడు నిమిషాలే ఉండాది!"

అటువైపు గరగర తప్ప ఏమీ లేదు.

తర్వాత దూరంగా, మైకుకు కాదు, "రేయ్, ఆ పెట్టె పట్టండ్రా! వల కోసెయ్యండి!" అని కేక వినిపించింది. ఇంజను మోగింది. ఛానల్ తెగిపోయింది.

తొమ్మిదీ నలభై తొమ్మిది. ధన్మని దూరంగా ఏదో కదిలింది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. రెజీనా మైకు పట్టుకుని బిగుసుకుపోయింది. యాభై. దక్షిణాన ఆకాశంలో నిప్పుగీత ఒకటి నిటారుగా లేచింది. పరంజ్యోతి దాన్ని చూస్తున్నాడు. రెజీనా చూడలేదు.

"కామమ్మ," అంది. "కామమ్మ. పలుకన్నా."

"...ఉండాం తల్లీ." మాలకొండయ్య దగ్గుతున్నాడు. "తాటిచెట్టంత ఎత్తు లేచినాయి నీళ్ళు. నలుగురం ఉండాం."

రెజీనా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

నెల్లూరులో మాల్యాద్రి తలుపు బద్దలుకొట్టేసరికి తోమాస్ ఒకసారి కాల్చేశాడు. తూటా ఫేబీ భుజంలోంచి పోయింది. రెండోసారి కాల్చనివ్వలేదు. సాయంత్రం ఆసుపత్రిలో ఫేబీ మంచానికి బేడీ, తలుపు దగ్గర కాపలా.

"నలుగురూ బతికినారా అక్కా?"

"బతికినారు."

"అశోక్..." అని ఏదో అనబోయింది ఫేబీ.

"ఆ లెక్క వేరే," అంది రెజీనా. కానీ వెంటనే లేచి పోలేదు. గ్లాసుతో నీళ్ళు పట్టించి, అప్పుడు వెళ్ళింది.

సోమవారం ప్రొఫెసర్ ఇనెస్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. పరీక్ష మధ్యలో లేచి వెళ్ళిపోయినందుకు మార్కులు ఆపేశారు. తగిన కారణం స్పానిష్‌లో రాసి పంపితే పాస్ చేస్తారు.

పరంజ్యోతి కంగారుపడ్డాడు. "ఏం రాస్తావు? మొత్తం టాప్ సీక్రెట్."

"రాద్దామన్నా రాదు సార్. ఐదోవారం రోగాల పాఠం ఒకటి చెప్పారు. అందులో ఒక వాక్యం బాగా వచ్చు."

రాసి పంపింది. పరంజ్యోతి దాని నకలు తీసి, మీద 'అతి రహస్యం' అని ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. దేశాన్ని కాపాడిన ఆ ఆపరేషన్ గురించి ప్రపంచంలో ఉన్న ఏకైక లిఖిత వివరణ అదే: నాకు కడుపునొప్పి.