సంతకం పెట్టనన్న ఇన్‌స్పెక్టర్

"కాస్త మెల్లగా కొట్టండి మేడమ్! దానికి తొంభై ఏళ్ళు!"

ఫిట్టర్ కేకకి, ఇంజన్ బాయిలర్ పక్కన సుత్తి పట్టుకుని నిలబడిన అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అంటే ఎవరో నెరిసిన మీసాలాయన వస్తాడనుకున్న అతనికి, ఆ చూపు తగలగానే చేతిలో స్పానర్ జారి కాలి మీద పడింది.

"ముసలమ్మగారిని పరామర్శించడానికి రాలేదండీ, నాడి చూడ్డానికొచ్చాను," అంటూ ఆమె మళ్ళీ ఠంగుమనిపించి చెవి ఆనించింది.

ఆ ఆవిరి ఇంజన్ యాభై ఏళ్ళు సరుకు బళ్ళు లాగింది. ఆ తర్వాత షెడ్డు వెనక తుప్పు పట్టి పడుంది. దాన్ని చివరిసారి నడిపిన డ్రైవరు ఫిట్టర్‌కి తాతయ్య. తాతా మనవలు మూడేళ్ళు తిప్పలు పడి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఇంకో నెలలో అది జనం ముందు పరుగు తీయాలి. కావలసిందల్లా ఈ అమ్మాయి సంతకం.

ఆమె బాయిలర్ నిండా నీళ్ళు పట్టించి, పంపుతో ఒత్తిడి పెంచింది. గేజీలో ముల్లు పైకి పోయి, నిలబడ్డట్టే నిలబడి, నెమ్మదిగా దిగసాగింది. బాయిలర్ ముందువైపు తలుపు తీసి టార్చి వేస్తే, లోపల పదకొండు గొట్టాల చివర్లు కన్నీళ్ళు పెట్టుకుంటున్నాయి.

"ఫెయిల్."

"నాలుగు చుక్కలకేనా?"

"ఇవాళ చన్నీళ్ళ చుక్కలే. నిప్పు పెట్టాక అదే మీ తాతగారి మొహాన మరిగే ఆవిరి. సరేనా?"

ఫిట్టర్ స్పానర్ విసురుగా పెట్టెలో పడేశాడు. స్టూలు మీద కూర్చున్న తాతయ్య బోసినవ్వు నవ్వాడు. "అమ్మాయి చెప్పింది నిజంరా. కోపమొస్తే ఆ గొట్టాల మీద చూపించు."

చూపించాడు. పాతవి పీకి కొత్తవి దూర్చాడు. శనివారం ఆమె 'ఇటువైపు పనుండి' వచ్చింది. మరుసటి శనివారమూ ఇటువైపే పని. మూడో శనివారం రేకుల మీద వాన దంచి కొడుతుంటే, గొడుగుతో పాటు ఒళ్ళంతా కప్పే ఓవరాల్ కూడా తెచ్చుకుని, అతనితో కలిసి గొట్టాల చివర్లు బిగించింది. బయటికొచ్చేసరికి ఆమె ముక్కు మీద ఇంత మసి.

"మసి అంటింది," అన్నాడు ఫిట్టర్.

"ఎక్కడ?" అంటూ తుడుచుకుని దాన్ని రెండు బుగ్గలకీ పూసుకుంది. "పోయిందా?"

"మొత్తం పోయింది," అన్నాడు. పోయింది మసి కాదు, తన మతి అని మాత్రం చెప్పలేదు.

సోమవారం ఆమె ఫోన్ చేసింది. "ఆఖరి పరీక్షకి నేను రావట్లేదండీ. వేరే ఇన్‌స్పెక్టర్ వస్తారు. నేనే అడిగి మార్పించుకున్నాను."

"ఓహో," అని పెట్టేశాడు. తన చేతిపని మీద ఆమెకు ఆమాత్రం నమ్మకం లేదా? ఆ తర్వాత ఆమె మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. అలిగి అన్నం కూడా సగమే తిన్నాడు.

"ఎందుకు మార్పించుకుందో అడగొచ్చుగా?" అన్నాడు తాతయ్య.

"ఏమని అడగను?"

"నోరుంది కదరా, ముడుచుకోవడానికేనా అది?"

పరీక్ష రోజు ఒక బట్టతల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఈసారి ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. నిప్పు పెట్టారు. పొద్దువాలేసరికి ఆవిరి పట్టింది. ఆయన ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వు కూడా చూసుకుని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. షెడ్డంతా కేకలు, కౌగిలింతలు. తీరా చూస్తే గేటు దగ్గర ఆ అమ్మాయి.

ఫిట్టర్ విసురుగా వెళ్ళాడు. "నా పని మీద నమ్మకం లేకే కదా తప్పుకున్నారు?"

"నమ్మకం లేకపోతే నేనే వచ్చి ఇంకోసారి ఫెయిల్ చేసేదాన్ని."

"మరి?"

"రూలొకటుంది. అయినవాళ్ళ పని మీద మేం సంతకం పెట్టకూడదు."

"నేను మీకేమవుతానని?"

"మా ఆఫీసరూ అదే అడిగారు." ఆమె నేల చూపులు చూసింది. "ఫారంలో 'సంబంధం' అని ఒక గడి ఉంది."

"ఏం... ఏం రాశారు?"

"'అడిగి చెప్తాను' అని రాశాను. అడుగుదామంటే మీరు ఫోన్ ఎత్తరు!"



"ఒరేయ్!" డ్రైవరు సీట్లోంచి తాతయ్య కేక. "నాకు వినపడదనుకుంటున్నారేమో! ఆ గడిలో 'మా ఇంటి కోడలు' అని రాసుకోమనరా! ముందు అమ్మాయిని ఎక్కించు, ఆవిరి ఆగేట్టు లేదు!"

ఆమె మొహం ఎర్రబడింది. ఫిట్టర్ ఆమెతో గబగబా ఇంజన్ దాకా వచ్చి, మెట్టెక్కి చెయ్యి చాపాడు. "ఎక్కు."

ఆమె చెయ్యి అందిస్తూ ఆగింది. "'ఎక్కండి' కదా అనాలి? 'అండీ' ఎటు పోయింది?"

"ఆవిరైపోయింది."

తాతయ్య ఈల తాడు లాగాడు. ఆమె నవ్వు ఆ కూతలో కలిసిపోయింది. చక్రాలు కదిలాయి.