మసి అంటని మంట

రాజలింగు తల వెనక నిలువునా చీలి ఉంది. ఒళ్లంతా బొగ్గయింది. రేకుల షెడ్డులో బోర్లా పడి ఉన్నాడు. పక్కన రెండు డ్రమ్ములు దొర్లి ఉన్నాయి.

1974 ఫిబ్రవరి 14, గురువారం. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో చెరుకు తోటల నడుమ ఇల్లది.

ఎస్సై దేవిదాస్ జీపు దిగేసరికి వాకిట్లో ఇంకో చావు జరగబోతోంది.

రాజలింగు తమ్ముడు రామ్‌దాస్ వదినె జుట్టు చేతికి చుట్టుకుని షెడ్డు వైపు ఈడుస్తున్నాడు. ముత్తవ్వ మోకాళ్లు గీసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆమె విడిపించుకోవడం లేదు.

"మా అన్నను గాల్చింది సార్! దీన్ని గూడ గట్లనే గాలుస్త!"

దేవిదాస్ లాఠీ అతని మణికట్టు మీద పడింది. జుట్టు వదిలాడు.

"నిజమే సార్," అంది ముత్తవ్వ. "నేనే సంపిన. పొద్దుగాల వంటజేసి తోటకు పోయిన. పొయ్యి టూటీ బంద్ జేసిన్నో లేదో యాదికొస్తలేదు. మంట పైపు పొంటి పోయి డ్రమ్మును పేల్చింది గావచ్చు. నన్ను జైల్ల ఏయుండ్రి."

రాజలింగు మెకానిక్. పెట్రోలు ధర పెరిగాక ఇంట్లోనే గ్యాసు చేయడం మొదలుపెట్టాడు. పగిలిన సిల్వర్ గిన్నెల, అంటే అల్యూమినియం ముక్కల మీద కాస్టిక్ సోడా నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుడుతుంది. నీళ్లడ్రమ్ములో ఇంకో డ్రమ్ము బోర్లించి దాన్ని పట్టేవాడు. ఒక పైపు వంటింటి పొయ్యికి; గ్యాసు ఆపేందుకు పొయ్యికో టూటీ. మిగిలింది లారీ ట్యూబులో నింపి, పాత బుల్లెట్ వెనక కట్టుకుని బోధన్ అంగడికి పోయేవాడు. జనం నవ్వేవారు. గాలిబండి రాజలింగు అని పేరు పెట్టారు.

ప్రమాదం చూసినవాడు ఒక్కడే. పక్కింటి పోశన్న. కోటగిరి దారిలోని ఒక చక్కెర మిల్లులో బాయిలర్ ఫైర్‌మన్.

"ఎన్నిటికి?"

"పదకొండున్నర సార్."

"ఏం సూసినవ్?"

"ఢామ్మని సప్పుడయింది. ఉరికొచ్చిన. గ్యాసు ఎర్రగ, నిలువెత్తు మండుతున్నది. నల్లగ పొగ. డ్రమ్ము ఎగిరి అన్న నెత్తికి తాకింది."

"డ్యూటీల లేవా?"

"జరమొచ్చింది సార్."

"జరమొచ్చినోనివి బాగనే ఉరికినవ్."

కానిస్టేబుల్ బసవయ్య కాగితాలు తీశాడు. కోస్తా నుంచి వచ్చినవాడు. "యాక్సిడెంటేనండి. పంచనామా రాసేయమంటారా?"

దేవిదాస్ డ్రమ్ముల అంచులు వేలితో తడిమాడు. ఎక్కడా నెత్తురు లేదు. పైరేకులకు సొట్ట లేదు. మూలనున్న నీళ్ల కుండీలో మోచేయి దాకా చెయ్యి పెట్టాడు. మూరెడు పొడుగు పానా బయటికొచ్చింది. దాని పళ్లకు నాలుగు వెంట్రుకలు.

గోడ మీద మందంగా మసి. వేలికి రాసుకుని వాసన చూశాడు. కిరోసిన్.

వంటింట్లోకి నడిచాడు. ఇత్తడి గిన్నెలు బోర్లించి ఉన్నాయి. అడుగులు బంగారంలా మెరుస్తున్నాయి. ఈ వైపు ఆడవాళ్లు మసి పట్టకుండా గిన్నె అడుక్కి మట్టి పూసి గాని పొయ్యి మీద పెట్టరు.

"వీటికి మట్టి పూయవా అమ్మా?"

"ఏం పని సార్? గా మంటకు మసి అంటదు."

పొయ్యి పక్కన రెండు ఎండు చెరుకాకులు. ఒకదాని కొన కాలింది. రెండోది కాలలేదు.

"ఇవెందుకు?"

"పగటిపూట గా మంట కండ్లకు ఆనదు. ముట్టిందో ఆరిందో ఆకు వెట్టి సూస్త."

దేవిదాస్ ఆ రెండు ఆకులూ తన పుస్తకంలో పెట్టుకున్నాడు.

"సోడా ఎవరిచ్చేటోళ్లు?"

"పేరు నాకు చెప్పలే. మిల్లుల సోడా పోతున్నదని మేనేజర్ మా ఆయనను పిలిపిచ్చిండు. రేపు పోయి ఉన్నదున్నట్టు చెప్తనన్నడు."

మూడు గంటలకు వాకిట్లో ఎర్రటి ఎండ. దేవిదాస్ పొయ్యిని బయట పెట్టించాడు. బయట నిలిపిన బుల్లెట్ మీది ట్యూబు నిండుగానే ఉంది. పైపు తగిలించాడు. ఎదురుగా ముత్తవ్వ, రామ్‌దాస్, పోశన్న.

అగ్గిపుల్ల గీసి పొయ్యికి అందించాడు.

"పోశన్నా, ముట్టిందా సూడు."

పోశన్న వంగాడు. నవ్వాడు. "ఏడ ముట్టింది సార్? గ్యాసే వస్తలేదు."

పొయ్యి మీదికి చెయ్యి చాపాడు.

"వద్దు పోశన్నా!" ముత్తవ్వ కేక వేసింది.

అప్పటికే అతను గావుకేక పెట్టి వెనక్కి పడ్డాడు. అరచేతి తోలు ఉబ్బి ఊడింది.

దేవిదాస్ ఇత్తడి పళ్లెం ఆ కనపడని మంట మీద పట్టి, తిప్పి చూపించాడు. నీటి చుక్కలు. చుక్కంత మసి లేదు.

"గిది రాజలింగు గ్యాసు. పొగ రాదు, ఎర్రగుండదు. షెడ్డు గోడకు మసెట్ల పట్టింది? పదేండ్లు బాయిలర్ల చెరుకు పిప్పి మంట సూసినోనివి. మంటంటే ఎర్రగనే ఉంటదనుకున్నవ్. పానాతోని వెనకనుంచి కొట్టినవ్. డ్రమ్ములు దొర్లిచ్చినవ్. కిరోసిన్ పోసి అంటువెట్టినవ్. సోడా దొంగవు నువ్వే."

పోశన్న రెండో చేత్తో చూరులోంచి చెరుకు కత్తి లాగాడు. "రేపు నా పేరు చెప్పెటోడు! నా పెండ్లాం పిల్లలు ఏంగావాలె?" కత్తి ముత్తవ్వ మెడ మీదికి లేచింది.

రామ్‌దాస్ అడ్డం పడ్డాడు. కత్తి అతని భుజంలో ఎముక దాకా దిగింది. లాఠీ గాలిలో ఈల వేసింది. పోశన్న మోచేయి విరిగిన చప్పుడు గేటు దాకా వినపడింది. రెండో దెబ్బకు మట్టి కరిచాడు.

రామ్‌దాస్ నెత్తురులో కూలబడ్డాడు. ముత్తవ్వ కొంగు చింపి అతని భుజానికి బిగించింది.

"తప్పయింది వదినె," అన్నాడు.

ఆమె వినలేదు. ఎస్సై వైపే చూస్తోంది. "మరి టూటీ సార్? నేను బంద్ జేసిన్నా?"

దేవిదాస్ పుస్తకం తెరిచాడు.

"కొన కాలినది ముట్టిచ్చినప్పటి ఆకు. కాలనిది బంద్ జేసినంక పెట్టి సూసిన ఆకు. నీకు యాది లేదు. నీ చెయ్యికి యాదున్నది."

పొద్దటి నుంచి చుక్క కన్నీరు రాని మనిషి అప్పుడు నేల మీద పడి ఏడ్చింది.

బసవయ్య పొయ్యి లోపలికి తీసుకుపోబోయాడు.

"ఆగు సార్, మండుతున్నది."

ముత్తవ్వ లేచింది. టూటీ తిప్పింది. వాకిట్లోంచి ఎండుటాకు ఒకటి ఏరి పొయ్యి మీద పెట్టి చూసింది.

ఆకు కాలలేదు.