ఆపరేషన్ బుల్లెమ్మ

కోటప్పకొండ మెట్ల దారిలో ఏజెంట్ జాన్ సాహెబ్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. చూసినవాళ్లు వడదెబ్బ అనుకున్నారు. మెడ వెనక విషపు సూది గుచ్చిన గుర్తు పోస్టుమార్టంలోగాని బయటపడలేదు.

మర్నాడు హైదరాబాదులో గూఢచారి విభాగం చీఫ్ బసవపున్నయ్య ఏజెంట్ కాలేషాను పిలిపించాడు. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. నరసరావుపేటలో పత్తి ఎగుమతి కంపెనీ ముసుగులో ఒక విదేశీ ముఠా పనిచేస్తోంది. నాయకుడి పేరు వోగెల్. సాగర్ కుడి కాలువ గేట్లను పేల్చెయ్యాలని వాళ్ల పథకం. బాంబులు ఎక్కడ అమర్చారో చూపే ఫైలు వోగెల్ కంప్యూటర్లో ఉంది. అనుమానం వచ్చి అతను ఫ్లాపీ డ్రైవ్ పీకించేశాడు. ఫైలు బయటికి రావాలంటే ఇక టెలిఫోన్ లైను మీదే రావాలి.

"కెర్మిట్ కావాలి సార్," అన్నాడు కాలేషా. కమాండ్లు టైపు చేసి ఫైళ్లను లైను మీద పంపే ప్రోగ్రామ్ అది.

"డ్రైవ్ పీకకముందే జాన్ సాహెబ్ దాన్ని అందులోకి ఎక్కించాడు. పేరు మార్చి దాచాడు. ఏ పేరో చెప్పేలోపే పోయాడు. వెతుక్కో. లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ మాటతో గుర్తుపట్టు."

ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం, వోగెల్ భోజనానికి వెళ్లిన వేళ, గడ్డం అంటించుకుని స్టెబిలైజర్ మెకానిక్ వేషంలో కాలేషా మేడెక్కాడు. చేతిలోని స్టెబిలైజర్ పెట్టె లోపల, కంప్యూటర్‌ను టెలిఫోన్ లైనుకు కలిపే మోడెమ్ ఉంది.

కంప్యూటర్ గదిలో షిఫాన్ చీర, కత్తిరించిన జుట్టు, నల్లకళ్లద్దాలతో ఒక స్త్రీ కూర్చుని ఉంది. వోగెల్ కుడిభుజంగా ముఠాలో పేరుబడ్డ మేడమ్. ఆమె అద్దాలు తీసింది. కాలేషా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

రజియా. మాచర్లలో తనతో నిఖా ఖాయమయ్యాక ఇల్లు విడిచి వెళ్లిపోయిన రజియా. ఎవరో డబ్బున్నవాడితో బొంబాయి పోయిందని ఊరంతా అన్నారు. కాలేషా నమ్మాడు. నమ్మి, తిట్టుకుని, ఆ కసితోనే ఈ ఉద్యోగంలో చేరాడు.

"ఏంది అట్టా చూస్తావు?" అంది రజియా. "కరెంటు శావల్యాపురం నుంచి తెచ్చావా?"

అది కోడ్ మాట. కాలేషా లోపలికొచ్చి పెట్టె బల్ల మీద పెట్టాడు. "కాదు. పెదకూరపాడు నుంచి."

వాకిలి మూసి ఆమె గబగబా చెప్పింది. ముఠాలో ఉంటూ విభాగానికి పనిచేస్తున్నది తనేనట. పెళ్లయితే ఈ పనికి కుదరదన్నాడట చీఫ్. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

"నాకైనా చెప్పాల్సింది," అన్నాడు కాలేషా.

"చెపితే పోనిచ్చేవాడివా?"

కాలేషా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫైళ్ల జాబితా కోసం డిఐఆర్ అని కొట్టాడు. తెర నిండా పత్తి లెక్కల ఫైళ్లు. పేరు మార్చినా సైజు మారదు. కెర్మిట్ సైజు అతనికి కంఠతా వచ్చు. ఆ సైజుకు సరిపోయింది ఒక్కటే, బుల్లెమ్మ. కింద టీ కొట్టామె పేరు అదని రజియా చెప్పింది. జాన్ సాహెబ్ రోజూ అక్కడే టీ తాగేవాడట. ఆ పేరు కొట్టగానే కెర్మిట్ మేలుకుంది.

మోడెమ్ తగిలించి ట్రంక్ కాల్ కలిపారు. హైదరాబాదు నుంచి వచ్చిన అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా పడ్డాయి. కాలేషా స్పీడు తగ్గించాడు. మారలేదు. అక్షరాల్లో తప్పు పట్టే పారిటీ గుర్తును ఈవెన్‌కు మార్చాడు. అక్షరాలు చక్కబడ్డాయి. సెండ్ కమాండ్ ఇచ్చాడు. లైను మీద గరగర ఎక్కువగా ఉంది. ఫైలును ప్యాకెట్లుగా ముక్కలు చేసి, పాడైన ప్యాకెట్‌ను కెర్మిట్ మళ్లీ మళ్లీ పంపుతోంది. మరీ మొరాయిస్తే ఆగిపోతుంది. అప్పుడు కమాండ్ మళ్లీ కొట్టాలి. మనిషి కదలడానికి లేదు.

సగం పంపాక కింద కారు ఆగింది. వోగెల్ ముందే వచ్చేశాడు.

రజియా లేచింది. కాలేషా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేను పోతా."

"నువ్వు పోతే ఇది ఎవరు చూస్తారు? నాకు ఆ పారిటీ సంగతి తెలవదు." చెయ్యి మెల్లగా విడిపించుకుని మెట్లు దిగింది.

కింద ఆమె నవ్వు వినపడింది. ఏదో ఇంగ్లీషులో చెబుతోంది. వోగెల్ గొంతు పెరిగింది. తర్వాత తుపాకీ పేలింది. కాలేషా లేచాడు. అదే క్షణంలో కెర్మిట్ ఆగిపోయింది. మళ్లీ కూర్చున్నాడు. కళ్లు మసకబారుతుంటే తడుముకుంటూ సెండ్ కొట్టాడు. ఫైలు పూర్తిగా చేరిందని తెర మీద పడ్డాకే రివాల్వర్ తీశాడు. మెట్లెక్కి వస్తున్న వోగెల్‌ను ఒక్క గుండుతో కూల్చాడు.

రజియా ఆఖరి మెట్టు మీద ఉంది. ఊపిరి ఇంకా ఆడుతోంది.

"పోయిందా?"

"మొత్తం పోయింది."

"ఆ గడ్డం చానా అసయ్యంగా ఉంది," అని నవ్వబోయింది. కాలేషా దాన్ని పీకి పారేసేసరికి ఆమె చూడటం మానేసింది.

కాలువ గేట్ల కింద ఆఖరి బాంబు తీగను సైనికులు కత్తిరించేటప్పటికి టైమర్ ముల్లు చివరి గీతను తాకబోతోంది. నీళ్లు ఎప్పటిలాగే పల్నాటి పొలాలకు పారాయి.

మాచర్లలో రజియాను మట్టిచేశాక చీఫ్ వచ్చి కాలేషా పక్కన నిలబడ్డాడు. విభాగం చాలా సంతోషించిందన్నాడు. ఏం మాట్లాడాలో తోచక, ఆ కెర్మిట్‌ను ఏదో యూనివర్సిటీవాళ్లు అందరికీ ఉచితంగానే ఇస్తారట, మొత్తం మిషన్‌కు ఖర్చయింది ఒక్క ట్రంక్ కాలే అన్నాడు.

కాలేషా చేతికంటిన మట్టి దులుపుకోలేదు.

"ఆ బిల్లు నా పేరున రాయించండి సార్."