కారని బండి కింద ఆయిల్

లైన్‌మన్ స్తంభం కింద బోర్లా పడి ఉన్నాడు. షాక్ కొట్టి కాదు, వీపులో బుల్లెట్ దిగి. పైన టెలిఫోన్ తీగలు తెగి వేలాడుతున్నాయి.

ఆ సమయానికి మన ఏజెంట్, గూఢచారి డిపార్ట్‌మెంట్ వారి అత్యంత రహస్య స్థావరంలో, అంటే ఒక పాత టైర్ల గోడౌన్‌లో, చెక్కబల్ల మీద నిద్రపోతున్నాడు. విదేశాల్లో మిషన్ ముగించుకుని ఇల్లు చేరితే తలుపుకి తాళం వేసి ఉంది. తాళంచెవి భార్య దగ్గర, భార్య కొండ మీద సిగ్నల్ స్టేషన్ డ్యూటీలో. దేశాన్ని కాపాడే మహానుభావుడికి సొంత గుమ్మం దాటే యోగం లేకపోయింది.

మధ్యాహ్నం దాటాక ఎవరో భుజం కుదిపారు.

"బావా, లే."

చీఫ్. భార్యకి స్వయానా తమ్ముడు. అందుకే ఏజెంట్ రాజీనామా ఇచ్చిన ప్రతిసారీ అది చెత్తబుట్టలోకి వెళ్లేది. ఇంటా బయటా ఒకే కుటుంబం పాలన.

"చెప్పి చావు."

"శత్రు ముఠా మనిషి ఒకడు దొరికాడు. నోరు విప్పాడు. సిగ్నల్ స్టేషన్‌లో బాంబు పెట్టారు. బీకన్ దీపం స్విచ్‌కి కలిపారు."

ఏజెంట్ లేచి కూర్చున్నాడు. పొద్దు గుంకగానే ఆ స్విచ్ నొక్కేది అతని భార్యే.

"ఫోన్?"

"తీగలు కోసేశారు."

"వైర్‌లెస్?"

"జామర్ పెట్టారు."

"హెలికాప్టర్?"

"ఎప్పటిలాగే రిపేరు. రోడ్డు మొన్నటి వానకి కొట్టుకుపోయింది. లోయలో దిగి ఎక్కే అడ్డదారి ఒక్కటే ఉంది. స్టేషన్ తలుపు లోపల గడియ వేసి ఉంటుంది, కోడ్‌వర్డ్ చెబితేనే తీస్తారు. 'నీలి గుర్రం'."

ఏజెంట్ మోకాలు పట్టుకుని మెల్లగా నిలబడ్డాడు. ఆ మోకాలికి అంతకుముందు మిషన్‌లో దెబ్బ తగిలి స్టీలు ప్లేటు వేశారు. ఒళ్లంతా పులిసిపోయి ఉంది. అయినా భయం ముందు నీరసం ఎంతసేపు నిలుస్తుంది? హెల్మెట్ తీసుకుని తన పాత ఆఫ్‌రోడ్ బండి దగ్గరికి నడిచాడు.

బండి కింద నేల మీద నల్లటి మడుగు. ఇంజిన్ అడుగు నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది.

"అయ్యో!" అన్నాడు చీఫ్, ఒక క్షణం ముందుగానే. "ఆయిలంతా పోతోంది బావా. ఎక్కేటప్పుడు ఇంజిన్ పట్టేస్తుంది. నువ్వుండు, చిలక బండి మీద నేను వెళ్తాను."

చిలక పక్కనే ఉంది. నల్లద్దాలు, పట్టు స్కార్ఫు, నాలుగు అడుగుల అవతలికి కొట్టే సెంటు. డబుల్ ఏజెంట్. ముఠా మాటలు మనకీ, మన మాటలు ముఠాకీ చెబుతుంది. ఏ పలుకు ఎవరు నేర్పిందో తేల్చలేక డిపార్ట్‌మెంట్ ఇద్దరి తరఫునా భరిస్తోంది.

"సార్ అడగ్గానే తెచ్చాను. కొత్త బండి, గాల్లో తేలిపోతుంది," అంటూ తాళం ఊపింది.

ఏజెంట్ బామ్మర్ది పొట్టని ఒకసారి, లోయవైపు ఒకసారి చూశాడు. "నువ్వు సైకిల్ తొక్కే పదేళ్లయింది కదరా. ఉండు, చూడనీ."

"టైమ్ లేదు బావా!"

"అందుకే చూస్తున్నా. దారిలో ఆగిపోతే మీ అక్కకి సమాధానం చెప్పడానికి మీ అక్క ఉండదు."

నేల మీద కూర్చోవడానికి మోకాలు ఒప్పుకోలేదు. పడుకున్నాడు. కారేది ఎప్పుడూ కనిపించిన చోట పుట్టదు. పైన ఎక్కడో పుట్టి, జారి, అందిన అంచు పట్టుకుని బొట్టు కడుతుంది. కింద మడుగు చూసి బోల్టు బిగించేవాడు బండినీ పాడుచేస్తాడు, ఒళ్లూ పాడుచేసుకుంటాడు. పెట్రోలు గుడ్డతో ఇంజిన్ పైనుంచి కిందిదాకా తుడిచాడు.

"చిలకా, నీ ఫేస్ పౌడర్ ఇటియ్యి."

"ఇప్పుడు మేకప్ ఏంటండీ!"

"నాక్కాదు, దీనికి."

ఆమె మూతి ముడుచుకుంటూనే డబ్బా ఇచ్చింది. సగం పౌడర్ ఇంజిన్ మీద చల్లి స్టార్ట్ చేశాడు. లీకు ఉంటే పౌడర్ మీద తడి గీత పడుతుంది. ఆ గీత మొదలే రోగం. ఇంజిన్ వేడెక్కింది. బయట నీడలు పొడుగవుతున్నాయి. చీఫ్ గోళ్లు కొరుకుతున్నాడు.

పౌడర్ పెళ్లికూతురి బుగ్గలా తెల్లగా, పొడిగా ఉంది. ఒక్క గీత లేదు.

ఏజెంట్ ఇంజిన్ ఆపి, దాని పక్కనున్న చిన్న గాజు కిటికీలోంచి లోపలి ఆయిల్ చూశాడు. నిండుగా, తేనెరంగులో ఉంది. మిషన్‌కి వెళ్లేముందు తనే కొత్తది పోశాడు. నేల మీదిది మాత్రం తారులా నల్లగా ఉంది.

"ఈ ఇంజిన్‌లోంచి వచ్చింది కాదిది. ఎవరో పైనుంచి పోశారు." మూలనున్న పాత ఆయిల్ డబ్బా వైపు చూశాడు. తర్వాత చీఫ్ చేతి గోళ్ల వైపు. నల్లగా ఉన్నాయి, కొరికినంతమేరా పెదాలూ నల్లబడ్డాయి.

"ఒరేయ్."

చీఫ్ తల దించేశాడు. "నిన్ను స్ట్రెచర్ మీద తెచ్చిన రోజు అక్క నాచేత ఒట్టేయించుకుంది బావా. ఇంకోసారి నిన్ను కొండలెక్కిస్తే నా మొహం చూడనంది. వద్దంటే వింటావా నువ్వు? అందుకే... నేనే పోదామనుకున్నా. నాకు మాత్రం అక్క కాదా?"

బామ్మర్ది బావ బతుకు కోరతాడని పెద్దలు ఊరికే అనలేదు. కానీ కోరే పద్ధతి ఇలా ఉంటుందని చెప్పలేదు. ఏజెంట్‌కి తిట్టాలనిపించింది, టైమ్ లేదు.

"ఏ బండి మీద పోదామనుకున్నావ్?" అంటూ చిలక బండి వైపు కుంటుతూ నడిచాడు. ఇటు అబద్ధం చూశాక అటు నిజం చూడకుండా ఉండలేకపోయాడు. ముందు బ్రేకు పట్టి అలాగే ఉంచాడు. మొదట గట్టిగానే ఉంది. తర్వాత మెల్లమెల్లగా హ్యాండిల్‌దాకా దిగిపోయింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద ఏదో తడి. గోరుతో గీస్తే ఎర్రరంగు పొరగా ఊడొచ్చింది. రంగుని తినేది బ్రేక్ ఆయిలే. పైపు బోల్టు ఎవరో వదులు చేశారు. లోయ దిగేటప్పుడు బ్రేకు చచ్చేది, వెనకే బామ్మర్ది.

"ఇది కూడా నువ్వేనా?"

"నా ప్రాణం నేనే తీసుకుంటానా బావా!"

ఇద్దరూ చిలక వైపు తిరిగారు. ఆమె చేతిలో పిస్టల్.

"పాపం, ఇంత ప్రేమగల కుటుంబం," అంది. "పొద్దు గుంకేదాకా ఇక్కడే కూర్చుందాం. సార్, కదలకండి."

ఏజెంట్ నిట్టూర్చాడు. "సరే. నీ డబ్బా నువ్వు తీసుకో." చాచిన అరచేతిలో పౌడర్ డబ్బా మూత తెరిచే ఉంది. ఉఫ్ మని ఊదాడు. చిలక దగ్గింది, గుండు గోడౌన్ పైకప్పులోకి పోయింది, చీఫ్ తన పొట్టతో సహా ఆమె మీద పడ్డాడు. డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఆ పొట్ట ఉపయోగపడింది అదొక్కసారే.

"వెళ్లు బావా!"

పాత బండి ఒక్క కిక్కుకే లేచింది. లోయ దిగింది, వాగు దాటింది, రాళ్లెక్కింది. ప్రతి రాయీ మోకాలికి తగిలింది. సూర్యుడు కొండ అంచున సగమే మిగిలాడు. భార్యతో చివరిసారి మాట్లాడింది కరెంటు బిల్లు గురించి. అదే ఆఖరి మాటవుతుందేమోనని ఏడుపొచ్చింది.

స్టేషన్ ముందు బండి పడేసి ఇనుప తలుపు బాదాడు.

"ఎవరది? కోడ్‌వర్డ్?" లోపల్నుంచి ఆవిడ గొంతు.

గుర్రం... ఏ గుర్రం? తెల్ల గుర్రమా? అలిసిన బుర్రలో ఒక్క గుర్రమూ లేదు. కిటికీలోంచి ఆవిడ చెయ్యి స్విచ్ మీదకి వెళ్లడం కనిపించింది.

"ఒసేయ్, ఇంటి తాళంచెవి నీ దగ్గరే ఉందే!"

చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి గొంతు ఏ దేశం గూఢచారీ తెచ్చిపెట్టుకోలేడు. తలుపు తెరుచుకుంది.

స్విచ్ వెనక బాంబు తీగ కత్తిరించాడు. అక్కడే కూలబడ్డాడు. ఆవిడ బాంబు వంక చూసింది, అతని మోకాలి వంక చూసింది, అతని మెడ కౌగిలించుకుంది. తర్వాత మెల్లగా వెనక్కి జరిగి, చొక్కా వాసన చూసింది.

"ఏవండీ, ఎవరిదీ పౌడరు?"

"ఒకావిడది. ఇంజిన్ మీద చల్లాను."

ఇన్నేళ్ల సర్వీసులో అతను ఆవిడతో చెప్పిన మొదటి నిజం అది. ఆవిడ నమ్మలేదు.